ఒకే నంబరు రెండుసార్లు

పని గదిలో నేను ఏ రోజూ చేతికి గాజులు వేసుకోలేదు. మోతీనగర్‌లో అద్దెకున్న రోజుల్లో మా అత్తగారు దీని గురించి చేయని గొడవ లేదు. పెళ్లయిన పిల్ల బోసి చేతులతో బస్సెక్కి పోతుంటే చుట్టుపక్కల వాళ్లేమనుకుంటారని ఆవిడ బాధ. మా గురువుగారు ఆంజనేయులు గారి బాధ వేరు. గాజు తగిలితే నెగటివ్ మీద గీత పడుతుంది, ఆ గీత ఊరూరా ప్రతి థియేటర్లో హీరోయిన్ ముఖం మీద కనబడుతుంది. చివరికి నేనే ఒక రాజీ చేసుకున్నాను. గాజులతో ఇల్లు దాటేదాన్ని, బస్సు ఎర్రగడ్డ దాటాక తీసి టిఫిన్ డబ్బా పక్కన సంచిలో వేసుకునేదాన్ని. మల్లెపూలు, పౌడరు, తలకు నూనె కూడా నిషేధమే. ముప్పై ఏళ్లు అలా గడిపాను. విచారమేమీ లేదు.

ఫిల్మ్‌నగర్‌లో ఎడిటింగ్ సూట్లలో, అంటే కంప్యూటర్లున్న ఎడిటింగ్ గదుల్లో, కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను పట్టుకుని, అమ్మా, కంప్యూటర్లు వచ్చినప్పుడు మీకు భయం వేయలేదా అని అడుగుతుంటారు. వేసింది. ఎంత వేసిందో, ఆ భయంలో నేనేం చేశానో రాస్తాను. జీతాలు, హోదాలు, షీల్డులు వదిలేస్తున్నాను, వాటివల్ల ఎవరికీ ఏమీ తెలియదు. రాసే సంగతుల్లో ఒకటి నాకు తప్ప ఎవరికీ తెలియదని చాలా ఏళ్లు అనుకున్నాను.

నేను చేసిన పని

నన్ను ఎడిటర్ అనుకునేరు, కాదు. నెగటివ్ కటర్‌ని. కెమెరాలో తిరిగిన అసలు ఫిల్మును నెగటివ్ అంటాం. దాన్నుంచి ఒక పాజిటివ్ కాపీ తీసి ఎడిటర్‌కి ఇస్తారు. ఆయన దాన్ని కోసుకోవచ్చు, అతికించుకోవచ్చు, నచ్చకపోతే పీకి మళ్లీ అతికించుకోవచ్చు. పాడైతే ఇంకో కాపీ తీయించుకోవచ్చు. ఆయన పని అయిపోయి, డైరెక్టరు సరే అన్నాక, ఫిల్ము అంచున ఉండే నంబర్లు చూసుకుంటూ అసలు నెగటివ్‌ను అదే ప్రకారం కోసేది నేను. నెగటివ్ ఒక్కటే. కత్తెర పడితే పడినట్టే. పొరపాటున కోసి మళ్లీ అతికిస్తే ఒక ఫ్రేమ్ పోతుంది, తెర మీద బొమ్మ ఎగిరిపడుతుంది.

మద్రాసు నుంచి పరిశ్రమ ఒక్కొక్క ముక్కగా ఇటు తరలివస్తున్న ఎనభైల్లో నేనూ వచ్చాను. అప్పట్లో ఫిల్మ్‌నగర్‌లో ఇళ్లకంటే బండరాళ్లు ఎక్కువ. మధ్యాహ్నం పూట బండలు పేల్చే ముందు విజిల్ వేసేవారు. అది వినగానే నెగటివ్ మీద గుడ్డ కప్పి, కిటికీలు బిగించి కూర్చునేవాళ్లం. దుమ్ము మాకు గాజులకంటే పెద్ద శత్రువు. ఎవరైనా చుట్టాలు వచ్చి, ఏ హీరోని చూశావే అని అడిగితే, నాకు తెలిసిన హీరోలంతా నల్ల పళ్లు, తెల్ల జుట్టు ఉన్నవాళ్లేనని చెప్పేదాన్ని. నెగటివ్‌లో అలాగే కనిపిస్తారు మరి.

పొద్దున చెప్పని మాట

చేరిన కొత్తలో ఒక పాట రీలు కోస్తున్నాను. ఆ పాటలో చివరి షాట్ల షూటింగ్ ఇంకా గండిపేట దగ్గర జరుగుతోంది, ఇక్కడ తీసినంతవరకు కోసేస్తున్నాం. మూడో టేకు కోయాల్సిన చోట నాలుగో టేకు తీసి సరిగ్గా మధ్యలో కోశాను. ఆ నాలుగో టేకును ఎడిటర్ ఇంకో చోట పూర్తిగా వాడుకున్నాడు. టైము తొమ్మిది. ఎవరికీ చెప్పలేదు. ఏదో ఒకటి చేసి సర్దేయొచ్చనుకుంటూ మధ్యాహ్నం భోజనాల దాకా ఆ ముక్కలు చేతిలో పట్టుకుని కూర్చున్నాను. రెండింటికి ఇక తట్టుకోలేక ఆంజనేయులు గారి దగ్గరికి వెళ్లాను.

ఆయన అరిచే మనిషి. ఒకసారి టీ గ్లాసు నెగటివ్ డబ్బా మీద పెట్టినందుకు ఒక నిర్మాతనే గదిలోంచి వెళ్లగొట్టారు. ఆ రోజు మాత్రం అరవలేదు.

“ఎప్పుడు కోశావమ్మాయ్?” అన్నారు.

“పొద్దున తొమ్మిదింటికండీ.”

“యూనిట్ పన్నెండు దాకా అక్కడే ఉంది. అదే చోటు, అదే డ్రెస్సు. తొమ్మిదింటికి చెప్పుంటే గంటలో ఆ షాట్ మళ్లీ తీసి ఇచ్చేవాళ్లు. ఇప్పుడు ప్యాకప్ అయిపోయింది. నువ్వు కోసినందుకు కాదమ్మా సినిమా పాడైంది, మధ్యాహ్నం దాకా కూర్చున్నందుకు.”

నిర్మాతకు మాత్రం తన చేతిలోనే తప్పు జరిగిందని చెప్పారు. తిట్లన్నీ ఆయనే తిన్నారు. మర్నాటి నుంచి నాకో నియమం పెట్టారు. ఏ కాగితం సరిచూసినా, చూసిన వెంటనే పేజీ కింద పొట్టిగా వారం పేరు రాసి, నా పేరులో మొదటి అక్షరం వేయాలి. ఎప్పుడు తెలిసిందో దాచుకోవడానికి వీల్లేకుండా అన్నమాట. సోమ, సు. మంగళ, సు. నా పేరు సుగుణ. ఆ రాత ఎంత అలవాటైందంటే ఇంట్లో పాల లెక్క కింద కూడా సు అని వేసేదాన్ని, మా ఆయన నవ్వేవారు.

యాదగిరి

యాదగిరిది షేక్‌పేట. తరతరాలుగా అక్కడివాళ్లే. మా దగ్గర నెగటివ్ కోతతో పాటు ఎడిటింగ్ కూడా జరిగేది. ఆంజనేయులు గారి దగ్గర ఎడిటింగ్ అసిస్టెంటుగా చేరేనాటికి అతనికి పాతికేళ్లుంటాయి. గ్లౌజులు ఎలా వేసుకోవాలో నేర్పింది నేనే. నన్ను అక్కా అనేవాడు. చేతికి పని తక్కువ ఇస్తే ఊరుకునేవాడు కాదు. ప్రతి కొత్త యంత్రాన్నీ విప్పి చూడాలని తహతహ.

తొంభైల నడుమ బొంబాయి నుంచి వార్తలు రావడం మొదలైంది. ఫిల్మును వీడియో టేపులోకి, టేపు నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే, కత్తెర లేకుండా, అతుకు లేకుండా, కూర్చున్న చోటు నుంచే సినిమా ఎడిట్ చేయొచ్చట. యాదగిరి రైలెక్కి వెళ్లి చూసొచ్చాడు. వచ్చాక మనిషి మనిషిలా లేడు. వాళ్ల నాన్నను ఒప్పించి, ఇంటి వెనక జాగా అమ్మించి, శ్రీనగర్ కాలనీలో ఒక ఇంటి పై అంతస్తు కిరాయికి తీసుకుని యంత్రం పెట్టాడు. ఆ జాగాలో వాళ్ల తాతల నాటి నుంచి కూరగాయలు పండించేవారు. అమ్మిన రోజు వాళ్లమ్మ అన్నం తినలేదని అతనే చెప్పాడు. పూజ నాడు ఆవిడే వచ్చి కీబోర్డు మీద పసుపు కుంకుమ చల్లింది. మూడు అక్షరాలు వారం రోజులు పనిచేయలేదు.

ఆంజనేయులు గారు ఆ యంత్రాన్ని ముట్టుకోలేదు. ముక్క చేతికి తగలకుండా కోస్తే అది ఎడిటింగ్ ఎలా అవుతుందయ్యా అన్నారు. ఆయన్ని తప్పనను. అరవై దాటినవాడు, తనకు తెలిసిన పనిని తెలిసినట్టే చేసి గౌరవంగా తప్పుకున్నారు.

కానీ మా గదిలో ఫిల్ము చుట్టేవాళ్లు, అతికించేవాళ్లు, ముక్కలు వరసగా వేలాడదీసేవాళ్లు ఆరుగురుండేవారు. యంత్రం వస్తే ఆ పనులే ఉండవు. తర్వాత ఇద్దరు కంప్యూటర్ నేర్చుకున్నారు, ఒకడు ప్రొడక్షన్‌లోకి వెళ్లాడు. మిగతా ముగ్గురికి దారి దొరకలేదు. ఈ మాట దాచిపెట్టి, కొత్త యంత్రం వస్తే అందరికీ అవకాశాలే అని ఉపన్యాసాలు ఇచ్చేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

యంత్రం కొన్నవాళ్లంతా బాగుపడ్డారనీ అనుకోకండి. జూబ్లీహిల్స్‌లో ఒక పెద్దమనిషి యాదగిరిదానికంటే పెద్ద యంత్రం కొన్నాడు. అద్దాల గది కట్టించి, ఏసీ పెట్టించి, వచ్చినవాళ్లను చెప్పులు విప్పించి చూపించేవాడు. దాన్ని నడిపేది బావమరిది. అతనికి కంప్యూటర్ వచ్చు, సినిమా రాదు. ఏడాది తిరక్కుండానే ఆ గది అద్దాలు పెళ్లిళ్ల వీడియో షాపుకు వెళ్లిపోయాయి.

సోమవారం

యాదగిరి సూట్‌లో తయారైన మొదటి పూర్తి సినిమా నెగటివ్ నా దగ్గరికే వచ్చింది. డైరెక్టరుకు అది రెండో సినిమా. విడుదల తేదీ పోస్టర్ల మీద వేసేశారు. పాత పద్ధతిలో ఎడిటర్ కోసిన పాజిటివ్ ముందు పెట్టుకుని నెగటివ్ కోసేవాళ్లం. ఇప్పుడు పాజిటివ్ లేదు, కంప్యూటర్ అచ్చేసిన నంబర్ల పట్టీ ఒకటి వచ్చింది. ఈ నంబరు నుంచి ఈ నంబరు దాకా కోయండి, అంతే.

సోమవారం పొద్దున కూర్చుని పట్టీ మొత్తం చదివాను. మధ్యలో ఒక నంబరు చూడగానే ఎక్కడో చూసినట్టనిపించింది. వెనక్కి తిప్పాను. మూడో రీల్లో ఉన్న షాటే పదమూడో రీల్లోనూ ఉంది. అవే ఫ్రేములు. మూడో రీల్లో కొంచెం, పదమూడో రీల్లో దానికి రెట్టింపు పొడుగు.

సంగతి అర్థమైంది. తల్లి వేషం వేసిన పెద్దావిడ గుమ్మంలో నిలబడి కొడుకు వంక చూసే చూపు అది. డైరెక్టరు ఆ చూపును కథలో మొదట ఒకసారి, చివర కొడుకు తిరిగొచ్చినప్పుడు ఇంకోసారి వాడుకున్నాడు. కంప్యూటర్‌లో ఒక షాట్‌ను పదిసార్లు వాడినా అడిగేవాడు లేడు. నెగటివ్ మాత్రం ఒక్కటే ఉంది. ఆ రోజుల్లో రెండో నెగటివ్ తయారుచేయించాలంటే మద్రాసు పంపాలి, రోజులు పడుతుంది, వచ్చినా బొమ్మ మసకగా ఉంటుంది. సెట్ పీకేశారు. ఒకే షాట్ రెండుసార్లు వస్తే హెచ్చరించే ఏర్పాటు ఆ యంత్రంలోనే ఉందని తర్వాత తెలిసింది. నేర్పడానికి బొంబాయి నుంచి వచ్చినవాడు మూడు రోజులుండి ఆ సంగతి చెప్పకుండానే వెళ్లిపోయాడు.

ఇప్పుడు అసలు విషయం. నేను నోరు మూసుకుని పట్టీలో ఉన్నట్టే మూడో రీలు కోసేస్తే చాలు. పదమూడో రీలు దగ్గరికి వచ్చేసరికి ఆ చూపు ముక్కలై ఉంటుంది. సినిమాకు గుండెకాయలాంటి షాట్ పోతుంది. నన్నెవరూ ఒక్క మాట అనలేరు, పట్టీ ప్రకారమే కోశానుగా. నింద మొత్తం కంప్యూటర్ మీద పడుతుంది. ఫిల్మ్‌నగర్‌లో ఒక మాట పుడితే సాయంత్రానికి అన్ని ఆఫీసులకూ చేరుతుంది. ఇక ఎవడూ యాదగిరి మెట్లెక్కడు. పాత పద్ధతి ఇంకో నాలుగైదేళ్లు నడుస్తుంది, మా గది నిలబడుతుంది. నిజం చెప్పాలంటే గది ఒక్కటే కాదు. నా చేత గ్లౌజులు వేయించుకున్నవాడి దగ్గరికి డైరెక్టర్లు కార్లలో వెళ్తుంటే నాకు కడుపుమంటగా ఉంది.

సోమవారం వేరే రీళ్లు కోశాను, మూడో రీలు ముట్టలేదు. మంగళవారం మూడో రీలు నెగటివ్ టేబుల్ మీద పెట్టుకున్నాను. కత్తెర తీశాను. పెట్టేశాను. తలనొప్పని చెప్పి పెందలాడే ఇంటికి వచ్చేశాను. అత్తగారు ముఖం చూసి, ఆఫీసులో ఏదైనా పోగొట్టావా అని అడిగింది. ఇంకా లేదత్తయ్యా అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. తొమ్మిదింటి నుంచి రెండింటి దాకా ముక్కలు పట్టుకుని కూర్చున్న రోజు గుర్తొచ్చింది. ఆ రోజు తప్పు జరిగిపోయాక దాచాను, ఈసారి జరగబోయేది దాస్తున్నాను. ఆంజనేయులు గారు నా తిట్లు తాను తిన్నది దీనికోసమా అని సిగ్గుతో చచ్చిపోయాను.

బుధవారం పొద్దున పట్టీలోని ఆ పేజీ పట్టుకుని నేరుగా శ్రీనగర్ కాలనీకి వెళ్లాను.

పాత డబ్బా

“ఇప్పుడే చూశాను యాదగిరీ” అని అబద్ధమాడి, పేజీ అతని ముందు పెట్టాను. రెండు చోట్లా పెన్సిలుతో చుట్టిన నంబరు చూపించాను. అతను పేజీని పైనుంచి కింది దాకా చాలాసేపు చూశాడు. ముఖం తెల్లబోయింది.

“అక్కా, మా నాయిన జాగ అమ్మి తెచ్చిన మిషిను” అన్నాడు.

డైరెక్టరును పిలిపించాం. ఆయన అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. ఆ చూపు రెండుసార్లూ కావాల్సిందే, కంప్యూటర్‌లో ఉన్నది తెర మీదకి ఎందుకు రాదని అడిగాడు. నెగటివ్ సంగతి ఆయనకు ఓపికగా చెప్పాల్సి వచ్చింది. చెబుతుంటేనే నాకొకటి తట్టింది. కంప్యూటర్‌లోకి ఎక్కింది ఓకే అయిన టేకులే. పనికిరాదని పక్కన పెట్టినవి ఎవరూ ఎక్కించలేదు. వాటి నెగటివ్ మాత్రం నా డబ్బాల్లోనే ఉంది, వాటిని విడదీసి సర్దింది కూడా నేనే. ఆ గుమ్మం షాట్‌కు ముందు ఒక టేకు ఉన్నట్టు గుర్తు.

ముగ్గురం ఒకే ఆటోలో నా గదికి వచ్చాం. డబ్బా తీసి, లైటు బల్ల మీద పెట్టి చూస్తే ఉంది. ఆ టేకులో పెద్దావిడ కొడుకును చూస్తూ చూస్తూ తల దించుకుంది. దించుకోమని తను చెప్పలేదని డైరెక్టరే దాన్ని పక్కన పెట్టించాడట. అదే రోజు ఆ ముక్కకు కాపీ వేయించి, టేపులోకి ఎక్కించి, యాదగిరి మూడో రీల్లో పెట్టాడు. పదమూడో రీల్లో పాత చూపే ఉంచాడు. డైరెక్టరు రెండు చోట్లూ వరసగా చూశాడు. నా వైపు తిరిగి, “అమ్మా, నేను రాసుకున్నదానికంటే ఇది బాగుంది” అన్నాడు. మొదటిసారి తల దించుకున్న మనిషి చివర్లో దించుకోదు. కథంతా అందులోకి వచ్చేసింది.

సినిమా అనుకున్న రోజుకే విడుదలైంది. సికింద్రాబాద్‌లో ఒక థియేటర్లో చూశాను. చివర్లో ఆ చూపు వచ్చినప్పుడు నా ముందు వరసలో ఒకావిడ పక్కావిడతో, అప్పుడు తల దించుకుంది, ఇప్పుడు చూడు అంది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

ఇందులో మనిషి గెలిచాడు, యంత్రం ఓడింది అని ఎవరైనా అంటే నేనొప్పుకోను. ఒకే చూపును రెండుసార్లు వాడాలన్న ఆలోచనే కంప్యూటర్ వల్ల వచ్చింది. పాత పద్ధతిలో అంత శ్రమ ఎవరూ పడేవారు కాదు.

నా దుకాణం

నెల తిరక్కుండా ఇంకో సూట్ నుంచి ఫోను. వాళ్ల పట్టీలోనూ ఇలాంటిదేదో వచ్చిందట, చూసిపెడతారా అని. తర్వాత ఇంకొకరు. కొందరి పట్టీల్లో ఒకే షాట్ రెండుసార్లు, కొందరివాటిలో అతుకుకు ఫ్రేమ్ వదలకపోవడం, కొందరివాటిలో టేపు నంబరు తప్పు. కోసే ముందు పట్టీని చూసిపెట్టడమే ఒక పనైంది. యాదగిరే అన్నాడు, నా పక్క గది ఖాళీగుంది, నువ్వే దుకాణం పెట్టరాదు అక్కా అని. పెట్టాను. నా గదిలో అతుకుల పని పోయిన నరసమ్మను నాతో తెచ్చుకున్నాను, కంప్యూటర్ నేర్చుకున్న ఆ ఇద్దరిలో తనొకతె. కంప్యూటర్ నేర్చుకోవడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది, నరసమ్మకు మూడు నెలలు. ఆ సంగతి తను నాకు రోజూ గుర్తు చేసేది.

పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే. కొత్త యంత్రం వచ్చినప్పుడు అది ఏం చేస్తుందో అందరూ చూస్తారు. అది ఏం చేయకుండా వదిలేస్తోందో చూడండి. మీ పని అక్కడ ఉంటుంది, కొన్నేళ్లపాటైనా. తర్వాత అదీ పోతుంది. నాదీ పోయింది. ఇప్పుడు నెగటివే లేదు. హాయిగా గాజులు వేసుకుంటున్నాను.

నేను పని మానుకున్న రోజు యాదగిరి తన ఆఫీసులో అందరికీ భోజనాలు పెట్టాడు. వాళ్లావిడ నా చేతులకు డజను మట్టిగాజులు తొడిగింది. అందరూ వెళ్లాక అతను నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“అక్కా, ఒక మాట చెప్త, ఏమనుకోకు. ఆ కాగితం నువ్వు తెచ్చింది బుధవారం. పేజీ కింద నీ చేతి రాతనే ఉండె, సోమ అని.”

చూసిన వెంటనే పేజీ కింద వారం వేసే అలవాటు. వేసి, ఆ పేజీనే తీసుకెళ్లి అతని చేతికిచ్చి, ఇప్పుడే చూశానని చెప్పాను.

“మరి ఇన్నేళ్లూ ఎందుకు అడగలేదు యాదగిరీ?”

“అడుగుదామనే అనుకున్న. మస్తు కోపమొచ్చింది. గని అక్కా, నెగటివ్ నీ టేబుల్ మీద, కత్తెర నీ చేతిల. రెండు దినాలు నిన్ను ఆపెటోళ్లు ఎవ్వలూ లేరు. అయినా కొయ్యకుండ నాకాడికి వచ్చినవ్. ఇగ ఏం అడగాలె?”

గాజులు చప్పుడు కాకుండా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

యాదగిరి ఎవరికీ చెప్పలేదు కాబట్టి నేనే రాస్తున్నాను. ఇది ఆ సోమవారమే చెప్పాల్సిన మాట. ఆంజనేయులు గారి నియమం ప్రకారం కింద వారం వేస్తున్నాను.

శుక్ర, సు.